పొత్తిళ్ళలో పాపాయి: బెజవాడ, గుంటూరు ఇళ్ళలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రసవాల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉండేది విజయవాడ సత్యనారాయణపురం. వీధిలో ఎవరింట్లో పురుడొచ్చినా, బిడ్డకి ఎక్కిళ్ళొచ్చాయన్న దగ్గర్నుంచి బొడ్డు ఊడలేదన్నదాకా నాకే ఫోను. పోయినేడు మా అమ్మాయి కూడా పురిటికి మా ఇంటికే వచ్చింది. వియ్యాలవారిది గుంటూరు, బ్రాడీపేట. వార్డులో తెల్లకోటు వేసుకుని చెప్పడం వేరు, ఇంట్లో వియ్యపురాలి ఎదురుగా చెప్పి ఒప్పించడం వేరు అని అప్పుడు తెలిసొచ్చింది.

గొడవ లేకుండా నెగ్గుకురావడానికి నేనొక లెక్క పెట్టుకున్నాను. పెద్దవాళ్ళు ఏదైనా చెయ్యమంటే, అది బిడ్డ ఒంటి లోపలికి వెళ్తుందా, పైనే ఉండిపోతుందా అని చూస్తాను. నోట్లోకి, ముక్కులోకి, కంట్లోకి, చెవిలోకి, బొడ్డులోకి వెళ్ళేదైతే డాక్టరు చెప్పాల్సిందే. పైనే ఉండేదైతే, అంటే అరికాలి దిష్టిచుక్క, మొలతాడు, సాయంత్రం ఉప్పు తిప్పి పారేయడం లాంటివైతే, నోరెత్తను. కింద జవాబులు చాలావరకు ఆ లెక్కలోంచి వచ్చినవే.

పుట్టగానే తేనె నాకిస్తే మంచిదంటారు. నిజమేనా?

వద్దు. తేనెలో ఒక రకం బాక్టీరియా గింజలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. దాని పేరు బొట్యులిజం. అందుకే ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. పంచదార నీళ్ళు, గ్లూకోజు నీళ్ళు కూడా అంతే.

పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము పట్టించాలి. ఆపరేషనైనా సరే, తల్లి మెలకువగా ఉంటే పక్కనుంచి ఎవరైనా బిడ్డని పట్టుకుని పట్టించవచ్చు. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చిక్కగా, పసుపుగా, కొంచెమే ఉంటాయి. "చీములా ఉన్నాయి, పిండి పారబొయ్యి" అన్నవాళ్ళని వార్డులో ఎంతమందిని చూశానో. దూడకి జున్నుపాలు వదలకుండా మొత్తం పిండుకుంటే పాపమని మనకి తెలుసు. మన బిడ్డ దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

మూడో రోజుకీ పాలు పడలేదు. డబ్బాపాలు మొదలుపెట్టమంటారా?

ఆసుపత్రి మంచాల దగ్గర నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. ముందు ఒక సంగతి. పుట్టిన రోజున బిడ్డ పొట్టలో పట్టేది ఒకటి రెండు చెంచాలు. ఆ కాసిని ముర్రుపాలు ఆ పొట్టకి సరిపోతాయి. అసలు పాలు దిగేది రెండు నుంచి నాలుగో రోజు మధ్య, ఆపరేషనైతే ఇంకాస్త ఆలస్యంగా. ఈలోగా బిడ్డ చీకుతూ ఉంటేనే పాలు దిగుతాయి. డబ్బాపాలతో కడుపు నింపేస్తే చీకదు, చీకకపోతే పాలు దిగవు, దిగలేదని ఇంకో డబ్బా. ఆ గుంటలో పడితే బయటికి రావడం కష్టం.

సరిపోతున్నాయో లేదో ఏడుపుని బట్టి తేల్చకండి, గుడ్డలని బట్టి తేల్చండి. అయిదారు రోజుల తర్వాత రోజుకి ఆరు అంతకంటే ఎక్కువసార్లు ఒంటికి పోస్తుంటే, మొదట్లో నల్లగా జిగురుగా ఉన్న దొడ్డి అయిదో రోజుకి ఆవపిండి పసుపులోకి మారితే, పాలు అందుతున్నట్టే. పుట్టిన బరువులో పదో వంతు దాకా మొదటి రోజుల్లో తగ్గడం మామూలు. రెండు వారాలకి ఆ బరువు తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. బరువు పదో వంతు కన్నా తగ్గినా, బిడ్డ మగతగా ఉండి పాలకి లేవకపోయినా అప్పుడు పై పాల మాట డాక్టరు చెబుతారు.

ఇరవైనాలుగు గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. కొన్ని సాయంత్రాలు గంటకోసారి అడుగుతుంది. పాలు చాలక అనుకోవద్దు, రేపటి పాలకి ఇవాళే బేరం పెడుతోంది. చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. నొప్పి పుడుతుంటే పట్టు సరిగ్గా లేదన్నమాట. చిటికెనవేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్ళీ పట్టించండి.

ఒక మాట చాలామందికి తెలియదు. మన దేశంలో 1992లో చేసిన చట్టం ప్రకారం డబ్బాపాలకీ పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వడం నేరం. దుకాణంలో అమ్మే డబ్బా మీద నవ్వే పాపాయి బొమ్మ కూడా ఉండకూడదు.

మే నెల బెజవాడ ఎండలు. మంచినీళ్ళు కూడా పట్టకూడదా?

పట్టకూడదు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే. ఎండాకాలంలో ఇంకోసారి ఎక్కువ పట్టండి, అంతే. నీళ్ళతో పొట్ట నిండితే పాలు తగ్గుతాయి, ఆ నీళ్ళ వల్ల విరేచనాలు రావచ్చు. ఆరు నెలలదాకా మందులు, విటమిన్ చుక్కలు తప్ప ఇంకేదీ లోపలికి వెళ్ళనక్కర్లేదు.

మన ఊళ్ళో చంటిపిల్లలకి చలికన్నా ఉక్క ఎక్కువ. ఇంట్లో అందరూ బనియన్ల మీద ఉండి విసురుకుంటుంటే, బిడ్డకి మాత్రం టోపీ, సాక్సు, రెండు దుప్పట్లు! మీరు వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ చాలు, మే నెలలో అదీ అక్కర్లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పడితే విప్పండి. ఏసీ 26, 27 మీద పెట్టుకోవచ్చు, గాలి సూటిగా మొహానికి కొట్టకుండా. చెమటకాయలకి పౌడర్లు కొట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిచి గాలి తగలనిస్తే తగ్గుతాయి.

గుంటూరు కారం తింటే పాలలోకి వస్తుందా? బాలింత పథ్యం ఎన్నాళ్ళు?

రాదు. కారం తల్లి కడుపుని మండిస్తే మండించవచ్చు గాని బిడ్డ కడుపుని కాదు. మా వియ్యపురాలు మాత్రం "వదినగారూ, మిర్చి యార్డు పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకు చెప్తారా" అని మా అమ్మాయికి నలభై రోజులూ వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడితోనే పెట్టబోయింది. అవి తినొచ్చు. అవే తినడం పొరపాటు. పాలిచ్చే తల్లికి పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, పెరుగు, పండ్లు అన్నీ కావాలి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు నామోషీ అనుకోకుండా తెచ్చుకోండి.

అన్నిటికన్నా చెడ్డ పథ్యం నీళ్ళ పథ్యం. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు ఉబ్బుతుందని గ్లాసు లెక్కన ఇస్తారు. మలబద్ధకం, మూత్రంలో మంట, తలనొప్పి దానివల్లే. దాహమేసినప్పుడల్లా తాగాలి.

బిడ్డ ఒళ్ళు పచ్చగా ఉంది. పొద్దున్న ఎండలో పెడుతున్నాం, చాలదా?

దీనికి కొంచెం కథ చెప్పాలి. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లల్ని ఎండపొడ కోసం ఆరుబయటికి తీసుకెళ్ళేది. ఒక రోజు ఒక బిడ్డని తెచ్చి డాక్టర్లకి చూపించింది. ఎండ తగిలిన చోట పచ్చదనం పోయింది, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం అలాగే మిగిలింది. అక్కడినుంచి మొదలై, 1958కల్లా నీలిరంగు దీపం కింద పెట్టే వైద్యం వచ్చింది. మా వృత్తిలో ఒకావిడ కళ్ళు తెరిచి చూడటం వల్ల వచ్చిన వైద్యం కాబట్టి దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు కాస్త గర్వం.

అంటే మన అమ్మమ్మల ఎండ పూర్తిగా అబద్ధం కాదు. కాని ఎండలో పనికొచ్చేది ఆ నీలికాంతి ఒక్కటే, దాంతోపాటు వేడి, చర్మాన్ని కాల్చే కిరణాలు కూడా వస్తాయి. ఎంతసేపు పెడితే ఎంత తగ్గుతుందో కొలిచే దారి లేదు. ఆసుపత్రి దీపం ఆ నీలికాంతినే సరైన మోతాదులో ఇస్తుంది. కళ్ళకి గంతలు కట్టి, బట్టలు విప్పి పడుకోబెడతారు. చూడ్డానికి గుండె తరుక్కుపోతుంది గాని బిడ్డకి నొప్పేమీ ఉండదు.

రెండు మూడు రోజులకి కనబడి, అయిదో రోజుకి హెచ్చి, రెండు వారాల్లో పోయే పచ్చదనం చాలామంది పిల్లల్లో ఉంటుంది. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు అరికాళ్ళదాకా పాకినా, బిడ్డ పాలు మానినా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. పెరిగిపోతే అది మెదడుకి ఎక్కుతుంది, వినికిడి కూడా పోవచ్చు. రెండు వారాలు దాటినా పోకుండా, దొడ్డి సుద్దలాగా తెల్లగా, మూత్రం గుడ్డకి పసుపు మరక పట్టేలా ఉంటే అది వేరే జబ్బు, కాలేయం నుంచి పైత్యం దిగే దారి మూసుకుపోయిందేమో చూడాలి. దాని ఆపరేషన్ 60 రోజుల్లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. ఆకు పసరు పోయించడానికి తిరిగి ఆ రోజులు పోగొట్టుకోవద్దు.

బొడ్డు ఊడటానికి ఏం రాయాలి?

ఏమీ రాయకూడదు. పసుపు, బూడిద, నెయ్యి, పౌడరు, ఏదీ వద్దు. డైపరు బొడ్డు కిందకి మడవండి, గాలి తగలనివ్వండి. ఒకటి రెండు వారాల్లో ఎండి దానంతటదే ఊడుతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము, దుర్వాసన ఉన్నా చూపించాలి.

స్నానం ఎప్పుడు, ఎలా? మా ఇంట్లో నీళ్ళు పోసే ఆవిడ గట్టిగా మర్దనా చేస్తుంది.

పుట్టిన మొదటి 24 గంటలు స్నానం వద్దు. బొడ్డు ఊడేదాకా గోరువెచ్చటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఆ తర్వాతి స్నానం మాత్రం మన పద్ధతిలో ఎంత చక్కగా ఉంటుందో! మా వీధిలో నీళ్ళు పోసే ఆవిడ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, రెండు కాళ్ళూ కలిపి చాపుతుంది. ఆ కాళ్ళ మధ్య పల్లంలో పాపాయి సరిగ్గా ఒదుగుతుంది, తల పాదాల వైపు. ముందు మోచెయ్యి బకెట్లో ముంచి వేడి చూసుకుంటుంది, వేళ్ళని నమ్మదు. నువ్వులనూనెతో చేతులూ కాళ్ళూ కిందినుంచి పైకి రాస్తుంది. కుడిచెయ్యి ఎడమకాలికి, ఎడమచెయ్యి కుడికాలికి తెచ్చి తాకించి మూడుసార్లు ముడివేస్తుంది. తర్వాత అరచేతిలో మెత్తటి సున్నిపిండి, చివరికి చెంబు నేరుగా వంచకుండా చేతిమీదుగా జారే నీళ్ళు. అయిదు నిమిషాల్లో పాపాయి ఆవలిస్తుంది. మెత్తగా చేసే మర్దనా మంచిదే, దానివల్ల బిడ్డ బాగా నిద్రపోతుంది. నెలలు నిండనివాళ్ళ బరువు పెరగడానికీ అది ఉపకరిస్తుంది.

వద్దన్నవి మాత్రం వద్దు. ముక్కు సాగదీయడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం, చెవుల్లో ముక్కులో నూనె చుక్కలు వేయడం మానాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము చేస్తుంది. పుట్టిన పిల్లల రొమ్ములు ఉబ్బి ఉంటే పాలు పిండేస్తారు కొందరు. అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు, కొన్ని వారాల్లో పోతుంది. పిండితే చీము పడుతుంది. సాంబ్రాణి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పైకి చూస్తే పొగ పైనే ఉండేదే కదా అనిపిస్తుంది, నిజానికి అది ఊపిరితో లోపలికే వెళ్తుంది. జుట్టు ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు.

మాడు మీద ఆముదం? రాసుకోండి, నొక్కకుండా. అక్కడ ఎముకలు ఇంకా కలవలేదు. అది 9 నుంచి 18 నెలల మధ్య మూసుకుంటుంది. నాడి కొట్టుకున్నట్టు కదలడం మామూలు. గుంటపడితే ఒంట్లో నీరు తగ్గిందనీ, ఉబ్బి బిగుసుకుంటే లోపల ఏదో ఉందనీ అర్థం, రెండిటికీ ఆసుపత్రికే.

కాటుక పెడితే కళ్ళు పెద్దవవుతాయా?

కావు. నర్సునై ఉండి, మా అమ్మ మాట తీసెయ్యలేక నేను కూడా మా అమ్మాయికి కాటుక పెట్టాను. పన్నెండో రోజున కన్ను పుసులు కట్టి తెరుచుకోలేదు. వార్డులో ఎవరికీ చెప్పుకోలేక, తల వంచుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బజారు కాటుకల్లో సీసం ఉండే ప్రమాదం కూడా ఉంది. అరికాలికో చెవి వెనకో చుక్క పెట్టుకోండి, దిష్టికి అది చాలదా?

వస నాకిస్తే మాటలు త్వరగా వస్తాయంటారు. గాడిద పాలు దగ్గుకి మంచివంటారు.

ఎక్కువ మాట్లాడేవాళ్ళని వసపిట్ట అంటాం కాబట్టి వసకీ మాటలకీ ముడి పడింది. వస మొక్కలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం ఒంటికి మంచిది కాదు. పైగా సానరాయి మీద అరగదీసి, ఎవరి వేలితోనో నోట్లో రాస్తాం. మాటలు వచ్చేది మాటలు వినడం వల్ల.

గాడిద పాలవాడు మా వీధిలో ఇప్పటికీ వస్తాడు, తాడు పట్టుకుని, చిన్న కొలతగిన్నె చేతిలో పెట్టుకుని. అప్పటికప్పుడు పిండి పోస్తాడు. కాచని పాలు పసిబిడ్డకి పోస్తే వచ్చేది జబ్బే. ఆవుపాలు, గేదెపాలు కూడా ఏడాదిలోపు తాగడానికి పట్టకూడదు. ఆముదం ఉగ్గు, గ్రైప్‌వాటరు కూడా నా లెక్క ప్రకారం లోపలికి వెళ్ళేవే.

రోజూ సాయంత్రం ఆరింటికి గుక్కపట్టి ఏడుస్తుంది. దిష్టేనా?

రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి బాగా హెచ్చి, మూడు నాలుగు నెలలకి తగ్గిపోయే ఏడుపు ఇది. పాలు బాగా తాగుతూ బరువు పెరుగుతుంటే భయం లేదు. భుజాన వేసుకుని తేపు వచ్చేలా వీపు తట్టండి, దీపాలు తగ్గించండి, ఎత్తుకుని తిరగండి. దిష్టి తియ్యడం వల్ల తగ్గిందని చాలామంది అంటారు. నేను చూసినంతవరకు తగ్గించేది అప్పుడు ఇంట్లో కాసేపు పడే నిశ్శబ్దం, ఎత్తుకున్న చేతులు మారడం. తియ్యండి, మంట బిడ్డకి దూరంగా ఉంచి.

ఎంత విసుగొచ్చినా బిడ్డని ఊపి కుదపకూడదు. మెదడులో రక్తస్రావం అవుతుంది. చేతకాకపోతే మంచం మీద క్షేమంగా పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్ళి అయిదు నిమిషాలు కూర్చోండి. ఏడుపు వల్ల ఏమీ కాదు.

ఎలా పడుకోబెట్టాలి? ఆవాల దిండు పెట్టొచ్చా?

వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. బోర్లా పడుకోబెడితే నిద్రలోనే ఊపిరి ఆగే ప్రమాదం ఎక్కువ. ఆవాల దిండు తల గుండ్రంగా రావడానికంటారు. నిద్రలో వద్దు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కన కూర్చుని, రోజూ కాసేపు బోర్లా వేస్తే తల గుండ్రంగా వస్తుంది, మెడా గట్టిపడుతుంది. చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం గుండెకి ఆని ఊపిరి బిగుసుకుంటుంది. దానికన్నా బల్లపరుపుగా ఉండే ఉయ్యాల మేలు. దోమలకి తెర కట్టండి, కాయిల్ వెలిగించొద్దు.

ఎక్కిళ్ళు, తుమ్ములు, పాలు కక్కడం, చర్మం పొట్టు రాలడం, నిద్రలో ఉలిక్కిపడటం?

అన్నీ మామూలే. ఆడపిల్లకి మొదటి వారంలో రెండు మూడు చుక్కల రక్తం కనబడటం కూడా. ఆకుపచ్చగా వాంతి అయితే మాత్రం మామూలు కాదు, పరుగెత్తండి.

టీకాలు ఎప్పుడు? జ్వరం వస్తుందని మా ఆయన భయపడుతున్నారు.

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఈ చివరిది 24 గంటల్లోపు పడాలి. విటమిన్ కె సూది కూడా అప్పుడే, అది రక్తస్రావం కాకుండా. తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్. వీటితోపాటు 6, 14 వారాలకి న్యుమోనియా టీకా, పోలియో సూది. 9 నెలలకి తట్టు, రుబెల్లా. మన దగ్గర బుధ, శనివారాలు టీకాల రోజులు. ఏఎన్‌ఎం దగ్గర అన్నీ ఉచితం.

పెంటావాలెంట్ ఒక్క సూదిలో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం సహా అయిదు జబ్బులకి కాపుదల. ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడి చిరచిరలాడుతుంది. పారాసిటమాల్ చుక్కలు ఎన్నో బిడ్డ బరువుని బట్టి అక్కడే రాయించుకుని రండి. బీసీజీ వేసిన చోట నెలా నెలన్నరకి పొక్కు లేచి చితికి మచ్చ పడుతుంది. దాన్ని కెలకొద్దు, మందు రాయొద్దు. డాక్టర్లు ఏడాది వరకు రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు కూడా రాస్తారు, సీసా మూలన పడెయ్యకండి.

ఎదుగుదల సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

నన్నడిగితే మన వంటింట్లోనే దానికో పట్టిక ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది. బిడ్డ ఏ మెట్టు ఎక్కిందో వీధంతా తెలిసేలా పంచిపెట్టించేవాళ్ళు. దాంతో, "ఇంకా బొబ్బట్లు రాలేదేం?" అని పక్కింటావిడే అడిగేది! ఇప్పుడు దానికి నెలల లెక్క తోడుచేద్దాం.

నువ్వుండలు: మొదట్లో నిద్రలో నవ్వేది దేవుడు నవ్విస్తున్నాడంటారు. మీ మొహం చూసి నవ్వే నవ్వు ఆరు నుంచి ఎనిమిది వారాలకి వస్తుంది. పుట్టినప్పుడు బిడ్డకి ఒక అడుగు దూరంలోపువే కాస్త తేటగా కనిపిస్తాయి. పాలిచ్చేటప్పుడు తల్లి మొహం ఉండేది సరిగ్గా అంత దూరంలోనే. మూడు నెలలకీ మొహం చూసి నవ్వకపోతే, కదిలేవాటి వెంట కళ్ళు తిప్పకపోతే చూపించండి.

బొబ్బట్లు: నాలుగు నెలలకల్లా మెడ నిలవాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బోర్లా పడుతుంది. మంచం మీద ఒంటరిగా వదిలే రోజులు అక్కడితో సరి. మా మనవరాలు బోర్లా పడింది ఎవరూ చూడనప్పుడే. బట్టలు మడతపెట్టి తిరిగేసరికి, బోర్లా పడి, కింద ఇరుక్కున్న కుడిచేతిని లాక్కోలేక మూలుగుతోంది. మా వియ్యపురాలు ఫోన్లోనే "శనగపప్పు నానబొయ్యండి వదినగారూ" అంది.

పాకుండలకి మాత్రం తొందరపడకండి. కొందరు పిల్లలు పాకకుండా, కూర్చుని జరిగి జరిగి సరాసరి లేచి నిలబడతారు. ఆసరా లేకుండా కూర్చోవడం ఆరు నుంచి తొమ్మిది నెలల్లోపు వస్తే చాలు. అరిసెలు ఏడాది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎప్పుడైనా. నడిపించడానికి చక్రాల వాకరు కొనొద్దు. దానివల్ల నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీదనుంచి పడతారు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

ఒక వారం ముందూ వెనకా అయితే కంగారు లేదు. వచ్చిన పని పోతే, అంటే నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తే, ఒక చెయ్యే వాడుతుంటే, ఒళ్ళు కర్రలా బిగుసుకున్నా గుడ్డలా వేలాడినా ఆగొద్దు. ఎదుగుదల పరీక్షలకి ప్రభుత్వమే పెట్టిన డీఈఐసీ కేంద్రాలు ఉన్నాయి, ఆశా కార్యకర్తని అడిగితే దారి చెబుతుంది.

నెలలు నిండకుండా పుట్టింది. లెక్క ఎలా?

ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు తీసేసి చూడండి. రెండు నెలలు ముందు పుట్టి ఇప్పుడు నాలుగు నెలలైతే, నువ్వుండల వయసే. బిడ్డని తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనించి కట్టుకునే కంగారూ పద్ధతి చాలా మంచిది, నాన్న కూడా చెయ్యొచ్చు. 34 వారాలకి ముందు పుట్టినా, రెండు కిలోల లోపు ఉన్నా, నెల తిరిగేలోపు కంటి వెనక పొర పరీక్ష తప్పనిసరి. అది తప్పితే చూపే పోవచ్చు. మనకి దగ్గర్లో తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

మాటలు రావడానికి ఫోన్లో పాటలు పెట్టొచ్చా?

బొమ్మలు వద్దు, రెండేళ్ళదాకా. కడుపులో ఉన్నప్పటినుంచే తల్లి గొంతు వింటూ వచ్చిన బిడ్డకి ఆ గొంతే ఇష్టం. రెండు నెలలకి "ఉంగా" అంటుంది. మీరు కూడా "ఉంగా" అని, ఆగి, చూడండి. మళ్ళీ అంటుంది. సంభాషణ అంటే ఒకరు చెప్పడం, ఒకరు ఊ కొట్టడం అని అక్కడే నేర్చుకుంటుంది. ఫోను ఊ కొట్టదు. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడకపోతే వినికిడి పరీక్ష చేయించండి. అసలైతే అది పుట్టిన నెలలోపే జరగాలి. లోపం ఉందని 3 నెలల్లోపు తేల్చి 6 నెలల్లోపు వైద్యం మొదలుపెడితే మాటలు వస్తాయి.

ఏం కనబడితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి?

రెండు నెలల్లోపు బిడ్డ పాలు మానితే, తట్టిలేపినా కదలకపోతే, ఫిట్స్ వస్తే, నిమిషానికి 60 అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే, డొక్కలు లోపలికి ఎగరేస్తుంటే. ఊపిరి లెక్క బిడ్డ నిద్రపోతున్నప్పుడు, చొక్కా పైకెత్తి, పొట్టని చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు. చంకలో థర్మామీటరు 99.5 చూపించినా, ఒళ్ళు చల్లబడి 96 కిందికి దిగినా అంతే. ఎండాకాలమైతే దుప్పట్లు తీసి పావుగంట తర్వాత ఇంకోసారి చూడండి, తగ్గకపోతే బయల్దేరండి. 108కి ఫోను చెయ్యండి. దారిలో కూడా బిడ్డని గుండెకి ఆనించుకునే ఉండాలి.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికొచ్చి బిడ్డని చూసిపోవాలి. గుమ్మంలో సంతకం పెట్టి పంపెయ్యకండి. బట్టలు విప్పి, బరువు తూచి, ఊపిరి లెక్క చూడమనండి.

పదకొండో రోజుదాకా పురుడు పాటించాలా? ఈ కాలంలో కూడానా?

అంటు, మైల అన్న మాటలు నాకు నచ్చవు. కాని పది రోజులు ఇల్లంతా జనం రాకుండా ఆగడం మాత్రం బిడ్డకి మేలే. బారసాలలో ముప్ఫైమంది ఎత్తుకుని బుగ్గన ముద్దు పెట్టుకుంటే దగ్గు, జలుబు ఎవరిదో ఒకరిది అంటుకుంటుంది. చెయ్యి కడుక్కోమని చెప్పే పని నాన్నకి అప్పజెప్పండి, అల్లుడు చెబితే మన ఇళ్ళలో వింటారు. ఆ హడావుడిలో పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు చేయించడం మరిచిపోవద్దు. పేరు ఖాయం కాకపోయినా ఫర్వాలేదు, తర్వాత ఎక్కించుకోవచ్చు.

బిడ్డ బాగానే ఉంది, మా అమ్మాయే ఊరికే ఏడుస్తోంది.

మూడు నాలుగో రోజున మొదలై రెండు వారాల్లో తగ్గిపోయే దిగులు చాలామంది బాలింతలకి వస్తుంది. రెండు వారాలు దాటినా పోకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్రపట్టకపోతే, బిడ్డని చూడబుద్ధి కాకపోతే, బతకాలని లేదంటే అది జబ్బు. దానికి మందుంది. 14416 టెలిమానస్‌కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. "మేం కనలేదా" అన్న మాట ఆ గదిలో ఎవరూ అనకూడదు. నేను అన్నాను ఒకసారి, మా అమ్మాయితోనే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆడపిల్లకి అయిదో నెలలో అన్నప్రాశన చేస్తాం. ఆరు నెలలదాకా ఏమీ పెట్టొద్దంటున్నారు కదా?

ముహూర్తానికి అయిదో నెల, కడుపుకి ఆరు నిండాక. రెండూ పడనివ్వండి. మా ఇంట్లో బంగారపు ఉంగరం పాయసంలో ముంచి పెదవికి తాకించారు, లోపలికి వెళ్ళనివ్వలేదు, నా లెక్క నెగ్గింది. పాప పుస్తకాన్నీ పెన్నునీ డబ్బునీ వదిలేసి, మా వియ్యపురాలి కళ్ళజోడు లాక్కుంది.

ఆరు నెలలు నిండిన మర్నాడు అన్నం మెత్తగా మెదిపి, పెసరపప్పు కట్టు, చుక్క నెయ్యి వేసి రెండు చెంచాలు పెట్టాం. జారుగా కాదు, చెంచా వంచినా పడనంత చిక్కగా. ఉప్పు, పంచదార లేకుండా. మొదటి చెంచా మొత్తం గడ్డం మీదికి తోసేసింది. నాలుక అలా బయటికి నెట్టడం కొన్నాళ్ళు ఉంటుంది, నచ్చక కాదు. నాలుగో రోజు నుంచి గిన్నె కనబడితే నోరు తెరుస్తోంది.